గోపురంలో ఇడ్లీ: నల్లపూస బొమ్మ డైరీ

జనవరి 18

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. సోమవారం నుంచి మళ్ళీ ఆఫీసు. నల్లపూస అనే కుక్కపిల్ల మా ఇంటికొచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులు. వీధి చివర ఆగున్న ఆటో కింద దొరికింది. ఒళ్ళంతా నలుపే, ఛాతీ మీద మాత్రం అన్నం మెతుకంత తెలుపు. డాక్టరుగారు పళ్ళు చూసి ఎనిమిది వారాలు ఉండొచ్చన్నారు. బరువు 2.9 కిలోలు. పేరు అమ్మ పెట్టింది. పేరుకే నల్లపూస, కనబడకపోవడమన్నది దాని జాతకంలో లేదు. అడుగు తీసి అడుగేస్తే కాళ్ళ మధ్యే ఉంటుంది.

ఇప్పటిదాకా నష్టాల పట్టీ: రెండు జతల చెప్పులు, చాప అంచు, ఫోన్ ఛార్జర్ తీగ (అప్పుడు ప్లగ్గులో లేదు, బతికిపోయాం), అమ్మ సగం చదివిన వారపత్రిక. టీకాలు పూర్తయ్యేదాకా, అంటే నాలుగో నెల దాకా, వీధిలో తిప్పొద్దన్నారు. కాబట్టి దాని ఆటా పాటా అన్నీ ఈ మూడు గదుల్లోనే. నేను వెళ్ళిపోతే అమ్మ ఒక్కతే దీని వెనక పరిగెత్తలేదు. అందుకని ఈ ప్రాజెక్టు. తిండిలో కొంత గిన్నెలో వెయ్యకుండా బొమ్మలో కూరి ఇవ్వాలి. నేను గడప దాటాక కనీసం అరగంట దాని నోటికి పని ఉండాలి.

బొమ్మ కాంగ్. కుక్కపిల్లల కోసం చేసే మెత్తటి రబ్బరు రకం, నీలంది, మీడియం సైజు. పెద్దది అడుగున, చిన్నది పైన వచ్చేలా మూడు ఉండలు పేర్చినట్టుంటుంది. లోపలంతా బోలు. అడుగున పెద్ద చిల్లు, కొసన చిన్న చిల్లు. అమ్మ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "గోపురంలా ఉందే" అంది. ఆ పేరే ఖాయమైంది. నీళ్ళు పోసి కొలిస్తే నాలుగు టేబుల్ స్పూన్లు పట్టాయి, ఇంచుమించు 60 మి.లీ.

దీని పుట్టుక కథ నాకు భలే నచ్చింది. 1970ల్లో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయనకి ఫ్రిట్జ్ అని ఒక జర్మన్ షెపర్డ్ ఉండేది. రాళ్ళు నమిలి పళ్ళు అరగదీసుకునేది. ఆయన ఒకరోజు ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేసుకుంటూ, పీకిన విడిభాగాలు ఒక్కొక్కటే దాని ముందుకి విసిరాడట. అన్నీ వదిలేసి సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్కని పట్టుకుందిట. ఆ ముక్క ఆకారమే ఈ బొమ్మకి మూలం. అది కింగ్ కాంగ్ చెవిలో పెట్టుకునే బిరడాలా ఉందని ఎవరో అనబట్టి ఈ పేరొచ్చిందని చెబుతారు. అమ్మకి చెబితే "అయితే ఇది బండి సామానన్నమాట" అని తేల్చేసింది.

జనవరి 19

మొదటి ప్రయత్నం తుస్సుమంది.

డాగ్ ఫుడ్ గింజల్ని గోరువెచ్చటి నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, పెరుగన్నంతో కలిపి, చెంచా కాడతో గట్టిగా దట్టించాను. పచ్చడి జాడీలో గాలి లేకుండా అదిమినట్టు అదిమాను. పూస వాసన చూసింది. నాకింది. ముందు కాలితో ఒక్కటిచ్చింది. బొమ్మ దొర్లింది గానీ ఏమీ రాలలేదు. ఇంకోసారి నాకి, బొమ్మని చూసి మొరిగి, సోఫా కాలు దగ్గరికెళ్ళి అక్కడి నుంచి పని మొదలుపెట్టింది. మొత్తం నాలుగు నిమిషాలు.

రాత్రి పడుకున్నాక తట్టింది, తప్పు నాదే. లోపల తిండి ఉందనీ, కష్టపడితే వస్తుందనీ దానికెలా తెలుస్తుంది? ఒకటో తరగతి పిల్లకి మొదటి రోజే పదో తరగతి లెక్క ఇచ్చి కూర్చున్నాను.

జనవరి 20

ఇవాళ 20 గ్రాముల పొడి గింజలు, వట్టివి, వదులుగా. మూతి తగిలితే చాలు, రాలిపోతున్నాయి. మూడు నిమిషాల్లో ఖాళీ. అయితే ఆ మూడు నిమిషాలూ తోక ఆగలేదు. ఖాళీ అయ్యాక కూడా బొమ్మని నోట కరుచుకుని తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది. సమయం తగ్గినా ఇదే అసలు మొదలు అనుకుంటున్నాను.

తూకం గురించి ఒక మాట. దీనికి రోజుకి ఎంత పెట్టాలో సంచి మీద రాసుంది. బొమ్మలో వేసే 20 గ్రాములు అందులోంచే తీయాలి, అదనంగా కాదు. అమ్మకి చెప్పాను. తల ఊపింది. (ఈ తల ఊపడం గురించి ఏప్రిల్‌లో మళ్ళీ రాయాల్సి వచ్చింది.)

జనవరి 29

మెట్టు మెట్టుగా వెళ్తున్నాను. 24న పొడి గింజలు వేసి, పెద్ద చిల్లు అంచుకి పెరుగు పూశాను. 7 నిమిషాలు. ఇవాళ నానబెట్టి మెదిపిన గింజలు, అదమకుండా. 11 నిమిషాలు. బొమ్మని కాళ్ళ మధ్య పట్టుకోవడం తనంతట తానే నేర్చుకుంది. ముందరి పంజాలు రెండూ దాని మీద వేసి, మెడ వంచి, నాలుకతో అడుగు దాకా వెతుకుతుంది. నాకుతున్నప్పుడు కళ్ళు సగం మూసుకుంటుంది. అమ్మ జపం చేసుకునేటప్పుడు అచ్చం ఇలాగే ఉంటుంది. ఆ మాట అమ్మతో అనలేదు.

మా ఇంట్లో ఉన్న చిక్కు ఇంకోటి. అమ్మ వంటింట్లోకి గుడ్డు కూడా రాదు. బొమ్మలో కూరడానికి అందరూ చెప్పే చికెన్, లివర్ ఏవీ మా ఫ్రిజ్‌లో పెట్టే ప్రశ్నే లేదు. డాగ్ ఫుడ్ సంచి మీద కోడి బొమ్మ కనబడుతోందని దాని మీద పాత క్యాలెండర్ కాగితం అంటించింది. లోపల ఉన్నదేమిటో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. మాట్లాడుకోం. కాబట్టి గోపురంలోకి పైనుంచి చేర్చేవన్నీ శాకాహారమే.

ఫిబ్రవరి 3

నిన్న ఆదివారం ఉత్సాహం ఎక్కువైంది. ఉడికించిన మంచి గుమ్మడికాయ, చిలగడదుంప, పన్నీర్, వేరుశనగ ముద్ద, అన్నీ ఒకేరోజు పెట్టేశాను. పొరలు పొరలుగా వేసి ఫొటో కూడా తీశాను. రాత్రి రెండింటికి లేచి చూస్తే హాలంతా విరేచనాలు. తెల్లారేలోపు మూడుసార్లు. పిల్లలకి ఒంట్లో నీరు తొందరగా తగ్గిపోతుందని విని ఉన్నాను, టెన్షన్‌తో నిద్ర లేదు.

పొద్దున్నే డాక్టరుగారి దగ్గరికి. చిగుళ్ళు నొక్కి చూశారు, మెడ మీద చర్మం పట్టి వదిలి చూశారు, పరవాలేదన్నారు. నేను ఏమేం పెట్టానో చెబుతుంటే "పెళ్ళి భోజనం పెట్టారన్నమాట" అన్నారు. ఒక రోజు మెత్తటి అన్నం, కాస్త పెరుగు. ఆ తర్వాత కొత్త వస్తువు ఏదైనా ఒక్కటే, అదీ చెంచాడు, మూడు రోజులు చూశాకే ఇంకోటి. పైనుంచి పెట్టేవన్నీ కలిపినా రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించాను.

ఫిబ్రవరి 9

పై వాటా పిన్నిగారు గుడి నుంచి చక్రపొంగలి తెచ్చారు. నేను స్నానానికి వెళ్ళొచ్చేసరికి అమ్మ గోపురం పట్టుకుని చెంచాతో అందులో కూరుతోంది. "ప్రసాదమే కదే, పూసకి మాత్రం పుణ్యం వద్దా?" నేను అందుకుని వెనక్కి లాక్కున్నాను. బెల్లం, నెయ్యి సంగతి అటుంచండి, అందులో కిస్‌మిస్ ఉంది. ద్రాక్ష గానీ ఎండుద్రాక్ష గానీ కుక్కల మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. ఏ కుక్కకి ఎన్నింటితో ముప్పు వస్తుందో ముందుగా చెప్పలేం, కాబట్టి ఒక్కటి కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా కుక్కలకి పెట్టకూడని జాబితాలోవే. ఉల్లి, వెల్లుల్లి వద్దన్నానని అమ్మ సంతోషించింది. "చూశావా, అదీ మనలాగే."

వేరుశనగ ముద్ద ఇంట్లోనే చేస్తున్నాం. గుళ్ళు దోరగా వేయించి, పొట్టు చెరిగి, మిక్సీలో నూనె వదిలేదాకా తిప్పడమే. ఉప్పు లేదు, చక్కెర లేదు. కొనే సీసాల్లో కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. మనకి విషం కాదు గానీ కుక్కలకి రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. కొనేవాళ్ళు సీసా వెనక చిన్నక్షరాలు చదవాలి. ఇంట్లో చేసినదైనా కొవ్వే కాబట్టి పూసకి అర చెంచా మించి వెయ్యను.

ఫిబ్రవరి 16

డీప్ ఫ్రీజర్‌లో పెట్టడం మొదలు.

మొదటిసారి నానబెట్టిన గింజలు, పెరుగు కలిపి పోసి అలాగే పడుకోబెట్టాను. పొద్దునకి పెరుగంతా చిన్న చిల్లులోంచి కారి ఐస్ ట్రే మీద గడ్డకట్టింది. అమ్మ ఏమందో ఇక్కడ రాయను.

రెండోసారి చిన్న చిల్లుకి వేరుశనగ ముద్ద అడ్డం పెట్టాను. నిలిచింది గానీ, రోజూ అదే అంటే కొవ్వు ఎక్కువ. అప్పుడు అమ్మ, ఏమీ మాట్లాడకుండా, పొద్దున మిగిలిన ఇడ్లీలోంచి చిటికెడు తుంచి, వేళ్ళతో నలిపి, చిల్లులో నొక్కింది. అంతే. ఇడ్లీ బిరడా. పెరుగుని కొంచెం పీల్చుకుని, ఉబ్బి, చిల్లుని పట్టుకుంటుంది. పూస నాకినప్పుడు మెత్తబడి ఊడి వస్తుంది. ఇంత డబ్బు పెట్టి బొమ్మ కొన్నది నేను, దానికి కావాల్సిన ముక్క దొరికింది అమ్మ ఇడ్లీ పాత్రలో.

అప్పటి నుంచి పిండిలో ఉప్పు కలిపే ముందు ఒక గరిటెడు పక్కకి తీసి, పూస పేరున రెండు ఇడ్లీలు వేరే వేస్తోంది. వాటిని పొడి చేసి నింపడానికీ వాడుతున్నాను. ఇడ్లీకి లోపలంతా గుల్ల కాబట్టి పెరుగు లోపలికంటా వెళ్తుంది. అన్నం అలా కాదు, గడ్డకట్టాక మెతుకు మెతుకు విడిపోయి పొడిపొడిగా రాలుతుంది.

ఇప్పుడు నింపే పద్ధతి ఇలా కుదిరింది. గోపురాన్ని తలకిందులు చేసి, కొస కిందికి వచ్చేలా స్టీలు గ్లాసులో నిలబెడతాను. కొసలో ఇడ్లీ బిరడా. దాని మీద అన్నిటికన్నా వాసన ఉన్న ముక్క, మా ఇంట్లో అయితే గోరంత పన్నీర్. ఆఖరికి దొరికేది అదే కాబట్టి మధ్యలో వదిలేయదు. ఆ పైన నానబెట్టిన గింజలు, ఇడ్లీ పొడి, పెరుగు కలిపిన ముద్ద. చెంచాతో వేస్తే అంచుల మీద పడుతోంది, చేతులన్నీ జిగురు. కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్‌లో ముద్ద వేసి, మూల కత్తిరించి, గోరింటాకు కోన్ నొక్కినట్టు నొక్కితే లోపలికంటా శుభ్రంగా దిగుతుంది. మూతి దగ్గర నాలుగు పొడి గింజలు వదులుగా, వెంటనే దొరకడానికి. గ్లాసుతో సహా డీప్‌లోకి.

రాత్రంతా పెడితే రాయి అయిపోతోంది. పాలపళ్ళ పిల్లకి అంత గట్టి వద్దని, ఇచ్చే ముందు పది నిమిషాలు బయట పెడుతున్నాను. చెంచా కాడ గుచ్చితే కొంచెం దిగాలి. ఇవాళ 23 నిమిషాలు.

మార్చి 8

ఒకటి వాడుతుంటే ఇంకోటి డీప్‌లో ఉండాలని రెండో బొమ్మ కొన్నాను. ఇక్కడే పిసినారితనం చూపించాను. బజార్లో 120 రూపాయలకి ముళ్ళ రబ్బరు బంతి, ఒక చిల్లుతో. ఐదో రోజు సాయంత్రం పూస ఏదో నములుతోంది. నోరు తెరిచి వేలు పెట్టి లాగితే బొటనవేలి గోరంత రబ్బరు ముక్క. బంతి చూస్తే ఇంకో ముక్క కూడా లేదు. అది ఎక్కడికెళ్ళిందో రెండు రోజుల తర్వాత తెలిసింది, తెలుసుకున్న పద్ధతి చెప్పక్కర్లేదు.

బంతి తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించాను. ఊడిన ముక్క గురించి తిడతారనుకుంటే "రెండో చిల్లు ఏదండీ?" అని అడిగారు. ఒకే చిల్లు ఉంటే, కుక్క లోపలికి నాలుక పెట్టి నాకుతున్న కొద్దీ గాలి బయటికి పోయి, నాలుకని లోపలికి పీల్చి పట్టేస్తుందట. వాచిపోయి వెనక్కి రాకపోతే నాలుకే పోయే ప్రమాదం. గోపురం కొసన ఉన్న చిన్న చిల్లు కారడానికే ఉందనుకుని నెల నుంచి దాన్ని విసుక్కుంటున్నాను. అది గాలి ఆడ్డానికి. బిరడా కూడా కరిగిపోయే ఇడ్లీయే కావడం ఎంత మంచిదయిందో అప్పుడర్థమైంది.

బంతి చెత్తలోకి. రెండో గోపురం కొన్నాను.

మార్చి 21

ఇవాళ సాయంత్రం బొమ్మ కడుగుతుంటే అంచున అంటుకున్న పెరుగులో బియ్యపు గింజ లాంటిది కనిపించింది. అన్నం మానేసి నెలయిందే అనుకుంటూ గోటితో తీస్తే గట్టిగా ఉంది. పాలపన్ను! వేళ్ళ మధ్య పెట్టి లైటు దగ్గర చూశాం, నేనూ అమ్మా. కొసన కొంచెం గులాబీ రంగు. పూస నోరు తెరిచి చూస్తే ముందు వరసలో చిన్న సందు. కుక్కపిల్లకి పాలపళ్ళు 28, అవన్నీ ఊడి 42 వస్తాయి. ఆరేడు నెలలకి పూర్తవుతుంది. అంటే ఇంకో రెండు నెలలు ఈ చిగుళ్ళ దురద. చల్లటి గోపురం నిజంగా పనికొచ్చేది ఇప్పుడే. పొద్దున ఒకటి, నాలుగింటికి ఒకటి. చెప్పుల జోలికి వెళ్ళి తొమ్మిది రోజులయింది.

అమ్మ ఆ పన్నుని అగ్గిపెట్టెలో దాచింది.

మార్చి 30

సంవత్సరాంతం లెక్కలు. మా ఆఫీసులో రాత్రి తొమ్మిది దాకా వదలడం లేదు. బొమ్మలు ఎప్పుడో ఒకప్పుడు కడుగుతున్నాను. ఫలితం: మంచం కింద వదిలేసిన గోపురం, దాని చుట్టూ నల్లటి దారం చుట్టినట్టు చీమలు. తెలియక పూస మూతి పెట్టింది. ముక్కు మీద కుట్టాయి, కేర్‌మంటూ వచ్చి నా చీరలో దూరింది. చీమల మందు సుద్దముక్క గీద్దామని అమ్మ అంటే వద్దన్నాను, నేలంతా నాకే జీవి ఇంట్లో ఉండగా అది కుదరదు.

కొత్త నియమం: ముప్పావు గంట కాగానే, మిగిలినా మిగలకపోయినా, తీసెయ్యడం. వెంటనే వేడినీళ్ళలో నానబెట్టి, పిల్లల పాలసీసా బ్రష్‌తో లోపల తిప్పడం. కొస మలుపులో పెరుగు పేరుకుంటుంది, అక్కడ కన్ను పెట్టి కాదు, ముక్కు పెట్టి చూడాలి. వాసన వస్తే మళ్ళీ కడగడం.

ఏప్రిల్ 20

నేను బరువు చూసుకుని, దాన్ని ఎత్తుకుని మళ్ళీ చూసి తీసివేస్తే 9.6 కిలోలు. గత నెలతో పోలిస్తే పెరగాల్సినదానికన్నా ఎక్కువ. పక్కటెముకలు చేతికి తగలాలి, వెతుక్కోవాల్సి వస్తోంది. డబ్బాలో గింజలు కూడా అనుకున్నదానికన్నా తొందరగా అయిపోయాయి.

అమ్మని అడిగాను. దాచలేదు. "బొమ్మలోది ఆటకి, గిన్నెలోది ఆకలికి. ఆడుకున్నదాన్ని తిండి కింద లెక్క కడతావా?" అంది. ఇన్నేళ్ళూ పిల్లల్నీ పెద్దల్నీ ఇలాగే మేపిన మనిషి. వాదించి లాభం లేదని దారి మార్చాను. పొద్దున్నే రోజుకి సరిపడా గింజలు ఒక హార్లిక్స్ సీసాలో పోసి పెడతాను. గోపురానికైనా గిన్నెకైనా అందులోంచే. సీసా ఖాళీ అయితే వంటిల్లు మూత. ఇప్పుడు అమ్మే సీసా పైకెత్తి చూసి "సాయంత్రానికి ఇంత ఉంచాలి" అని లెక్క కడుతోంది.

ఇంకో సంగతి. 1963లో గ్లెన్ జెన్సెన్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ప్రయోగం చేశాడు. పక్కన గిన్నెలో ఊరికే తిండి ఉన్నా, చాలా ఎలుకలు మీట నొక్కి కూడా సంపాదించుకుని తిన్నాయట. ఉత్సాహపడి పూస ముందు గిన్నె, గోపురం పక్కపక్కన పెట్టాను. గిన్నె ఊడ్చేసి, మూతి తుడుచుకుని, అప్పుడు గోపురం పట్టుకుంది. మా పూస ఎలుక కాదు.

మే 11

బెజవాడ ఎండలు. పది నిమిషాలు బయట పెట్టే పని ఇప్పుడు అసలు లేదు, డీప్‌లోంచి తీసి హాల్లోకి వచ్చేసరికే చెమట పడుతోంది. ముద్ద తొందరగా కరిగి 14 నిమిషాల్లో అయిపోతోంది. శుక్రవారం ఐదు గంటలు కరెంటు లేదు. మెత్తబడ్డ పెరుగుని మళ్ళీ గడ్డకట్టించి పెట్టడం నాకు ఇష్టం లేక రెండూ పారబోశాను. అమ్మకి ప్రాణం పోయినంత పనయింది.

రెండు మార్పులు చేశాను. పెరుగుని పల్చటి బట్టలో కట్టి నీళ్ళు పోయేదాకా వేలాడదీసి, ఆ గట్టి పెరుగు వాడుతున్నాను. కరగడం తగ్గింది. బొమ్మని చలవరాయి మీద, కిటికీకి దూరంగా ఇస్తున్నాను. మజ్జిగ ఒక్కటే గడ్డకట్టించి కూడా చూశాను. ఐదు నిమిషాల్లో కరిగి నేలంతా ఏరు పారింది, పూస అందులోనే పడుకుంది. మళ్ళీ చెయ్యను.

మే 25

11.8 కిలోలు. పక్కటెముకలు మళ్ళీ చేతికి తగులుతున్నాయి. పెద్ద పళ్ళు దాదాపు వచ్చేశాయి, నీలం రబ్బరు మీద గాట్లు లోతుగా పడుతున్నాయి. పిల్లల రకం ఇక ఆగదు. పెద్ద కుక్కల కోసం చేసే ఎర్రది, లార్జ్ సైజు, ఆర్డర్ పెట్టాను. దానికి ముద్ద ఎక్కువ పడుతుంది, సీసా లెక్క మళ్ళీ సరిచూసుకోవాలి. కొత్తది వచ్చాక మొదటి రెండు రోజులు మళ్ళీ వదులు గింజలతోనే మొదలుపెడతాను, జనవరి 19 మర్చిపోలేదు.

మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్. ఏదో అయిందని కంగారుపడ్డాను. "ఏమే, ఇడ్లీపిండి నిండుకుంది. బిరడాకి దోసె ముక్క పెట్టనా?" పెట్టమన్నాను. కారిందట.

ఇవాళ్టి లెక్క: నానిన గింజలు, గట్టి పెరుగు, దోసె బిరడా. 19 నిమిషాలు. అడుగున పన్నీర్ ముక్క మిగిలింది. పూస దాన్ని వదిలేసి పెరుగు కారిన చోట నేల నాకుతూ ఉండిపోయింది.